బడి వెబ్‌సైటు చాటింపులా ఉండాలి

పాతకాలంలో ఊరందరికీ ఒక సంగతి తెలియాలంటే చాటింపు వేయించేవారు. డప్పు మోగేది. వీధి మలుపులో మనిషి నిలబడి విషయం నాలుగు మాటల్లో చెప్పేవాడు. చదువు వచ్చినవారికీ రానివారికీ, చూపు ఉన్నవారికీ లేనివారికీ, పటేలుకూ పాలేరుకూ అదే మాట అందేది. ఏ రోజు, ఎక్కడ, ఎంత, ఎవరిని కలవాలి అన్న నాలుగు సంగతులూ అందులోనే ఉండేవి. విన్న తరువాత మళ్లీ ఒకరిని అడగవలసిన అవసరం ఉండేది కాదు.

నేడు బడులు ఆ పనిని వెబ్‌సైటుకు అప్పగించాయి. ప్రవేశాల తేదీ అడిగినా, ఫీజు అడిగినా, బస్సు ఏ దారిన వస్తుందని అడిగినా "వెబ్‌సైటులో ఉంది, చూసుకోండి" అన్నదే జవాబు అయింది. చూసుకోమన్నవారు చూడటానికి వీలుగా పెట్టారా లేదా అన్నది మాత్రం పట్టించుకున్నవారు తక్కువ. పిల్లల చదువు కోసం అప్పు చేసి, పుస్తెలు కుదువ పెట్టి బడి వెదికే తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు.

నిజాంపేట వైపు చూసే పల్లెలు

నిజాంపేట సంగతే తీసుకుంటే, 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడిన రోజుల్లో అది హైదరాబాదు శివారులో ఒక పల్లె. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలిసిన తరువాత, ఆ కొలువులకు వెళ్లేవారంతా ఇళ్ల కోసం ఇటు చూశారు. 2016లో ఊరు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. 2017లో మియాపూర్ నుంచి మెట్రో రైలు నడిచింది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. 2025 డిసెంబరులో ఆ సంస్థ కూడా జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. పొలాలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. అపార్టుమెంట్ల వెంట ప్రైవేటు బడులు, హాస్టళ్లున్న కళాశాలలు బారులు తీరాయి.

ఈ బడుల గేటు ముందు నిలబడేది సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ఒక్కరే కాదు. ఆ అపార్టుమెంట్లు కట్టిన మేస్త్రీలు, వాటికి కాపలా కాసే వాచ్‌మన్లు, వాటిలో పని చేసే అమ్మలు ఉన్నారు. శామీర్‌పేట, మూడుచింతలపల్లి వైపు పల్లెల నుంచి పిల్లను హాస్టలులో చేర్చాలని వచ్చే రైతులు ఉన్నారు. నారాయణఖేడ్, జోగిపేట వైపు నుంచి ముంబయి రహదారి పట్టుకుని వచ్చి నిజాంపేట అడ్డరోడ్డు దగ్గర దిగేవారూ ఉన్నారు. నగరంలో ఉన్నవారు సాయంత్రం స్కూటరు మీద వెళ్లి కనుక్కోగలరు. పల్లెలో ఉన్నవారికి ఫోనులో కనిపించే వెబ్‌సైటు ఒక్కటే బడి గడప. ఆ గడప ఎక్కలేకపోతే ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీలు వదులుకుని స్వయంగా రావాలి. వచ్చాక "గడువు నిన్నటితో అయిపోయింది" అన్న మాట వినవలసి వస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

అడిగేది ఒకటి, కనబడేది ఒకటి

తల్లిదండ్రులు అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. బడికి గుర్తింపు ఉందా, ఏ తరగతి వరకు ఉంది? ఏడాదికి మొత్తం ఎంత కట్టాలి, ఎన్ని విడతలు? దరఖాస్తుకు చివరి తేదీ ఏది, ఏ కాగితాలు తేవాలి? చెప్పే పంతుళ్లు ఎందరు, వారి చదువులేమిటి? బస్సు మా వైపు వస్తుందా? నడవలేని, చూడలేని, వినలేని పిల్లవాడికి ఏ ఏర్పాటు ఉంది? ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి? ఈ ఏడింటికి జవాబు దొరికితే ఆ వెబ్‌సైటు పని చేసినట్టే.

కాని చాలా ప్రైవేటు బడుల వెబ్‌సైట్లు తెరిస్తే ముందు కదిలే బొమ్మలు వస్తాయి. ఈత కొలను, గుర్రపు స్వారీ, ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు ఒకదాని వెంట ఒకటి పరుగెడతాయి. ఫీజు కోసం వెదికితే మీ పేరు, ఫోను నంబరు ఇవ్వండి అన్న ఫారం ఎదురవుతుంది. నంబరు ఇస్తే ఫీజు తెలియదు కాని, ఆ రోజు నుంచి ఫోను మోగుతూనే ఉంటుంది. ఇక భాష సరేసరి. పిల్లలకు తెలుగు చెప్పే బడి కూడా తెలుగులో ఒక్క వాక్యం రాయదు. రాష్ట్రంలోని అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరిగా బోధించాలని 2018లో తెలంగాణ చట్టం చేసింది. పిల్లవాడికి చెప్పవలసిన భాషలో వాడి తల్లికి మాత్రం కబురు చెప్పరాదా?

2011 జనగణన ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత 66 శాతం పైచిలుకు. ఆడవారిలో సుమారు 58 శాతమే. ఆ చదువు వచ్చినవారిలోనూ ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునేవారు ఇంకెంత తక్కువో చెప్పనక్కరలేదు. పిల్లల చదువు గురించి ఎక్కువ తపన పడేది తల్లి. ఆమెకే ఆ తలుపు మూసి ఉంది.

ఫీజు దాచడం చిన్న తప్పు కాదు

ఫీజు వివరాలు బయటపెట్టడం బడి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే విషయం అనుకోరాదు. 2009లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 8వ తరగతి లోపు పిల్లల చేరిక సమయంలో క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయరాదని చెప్పింది. చేస్తే దానికి పది రెట్ల వరకు జరిమానా. పిల్లవాడికీ తల్లిదండ్రులకూ పరీక్షలు పెట్టి వడపోయడం కూడా నేరమే. మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది.

క్యాపిటేషన్ ఫీజు అంటే ఏమిటో ఆ చట్టమే చెప్పింది. బడి ప్రకటించిన ఫీజు కాకుండా ఏ పేరుతో తీసుకున్నా అది క్యాపిటేషన్ ఫీజే. ఇక్కడే అసలు కీలకం ఉంది. బడి ముందుగా ఫీజు ప్రకటిస్తేనే, దానికి మించి అడిగారని తల్లిదండ్రులు వేలెత్తి చూపగలరు. ప్రకటించిన లెక్కే లేనప్పుడు ఏది ఫీజు, ఏది అదనం? బిల్డింగు ఫండు, యాక్టివిటీ ఫీజు, యాప్ ఫీజు అంటూ జూన్ తరువాత ఒక్కొక్కటిగా బయటికి వచ్చేది అందుకే. సీటు తీసుకున్నాక మధ్యలో మానిపించలేక తండ్రి వడ్డీకి తెస్తాడు. వెబ్‌సైటులో నాలుగు వరుసల పట్టిక ఉంటే ఆ అప్పు చేయాలో వద్దో ముందే ఆలోచించుకునేవాడు.

గుర్తింపు సంగతీ అంతే. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు, ఆపైన రోజుకు 10 వేల వరకు జరిమానా అని అదే చట్టం అంటోంది. గుర్తింపు ఉత్తర్వు నంబరు, అది ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి మొదటి పేజీలోనే పెడితే, గుర్తింపు ఉన్న బడికి అది గౌరవం. లేని బడికి దాక్కునే చోటు ఉండదు.

కేంద్ర బోర్డు అయిన సీబీఎస్‌ఈ ఈ విషయంలో ఒక దారి చూపింది. తన అనుబంధ బడులన్నీ వెబ్‌సైటు పెట్టి, తప్పనిసరి వివరాలను ఒక నిర్ణీత నమూనాలో అందులో ఉంచాలని 2021 మార్చిలో సర్క్యులర్ ఇచ్చింది. గుర్తింపు పత్రాలు, ఫీజు వివరం, ఉపాధ్యాయుల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు, గత మూడేళ్ల ఫలితాలు అందులో ఉండాలి. నియమం మంచిదే. అమలులో మాత్రం కొన్ని బడులు ఆ లింకును పేజీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టి, లోపల వంకరగా స్కాన్ చేసిన కాగితాలు అతికించి చేతులు దులుపుకుంటున్నాయి. అయినా నమూనా అంటూ ఒకటి ఉంది. కేంద్ర సిలబస్ బడి ఇవ్వగల వివరాలను పక్క వీధిలోని రాష్ట్ర సిలబస్ బడి అదే వరుసలో ఇవ్వలేదా?

చూపు లేనివారికి వినిపించాలి

ఇక్కడ మరొక విషయం గమనించాలి. చూపు లేనివారు వెబ్‌సైటు ఎలా చదువుతారని చాలామందికి సందేహం. ఫోనులో, కంప్యూటరులో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేరు ఉంటుంది. అది తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. నేటి స్మార్టుఫోన్లలో ఇది ముందే ఉంటుంది. కంప్యూటరు కోసం ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు 2006 నుంచి తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివిన శ్రీకాంత్ బొల్లా సైన్సు చదివే హక్కు కోసం కోర్టుకు వెళ్లి గెలిచారు. ఆ తరువాత అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి, హైదరాబాదులో పరిశ్రమ పెట్టి వందలమందికి పని ఇచ్చారు. పాఠం వినబడే రూపంలో చేతికి అందితే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అయితే స్క్రీన్ రీడర్ అక్షరాన్ని మాత్రమే చదువుతుంది, బొమ్మను చదవదు. ఫీజు పట్టికను పోస్టరుగా తయారుచేసి ఫొటోలా పెడితే అది "బొమ్మ" అని చెప్పి ఊరుకుంటుంది. ప్రతి బొమ్మ వెనుక అది ఏమిటో ఒక వాక్యం రాసి పెట్టే వీలు ఉంది. రాసేవారు అరుదు. దరఖాస్తు ఫారంలో ఏ గడిలో ఏమి రాయాలో గడికి ముడిపెట్టి చెప్పకపోతే, చూపు లేని తండ్రికి అన్నీ ఖాళీ గడులే. చివరలో వంకర అక్షరాల బొమ్మ చూపి అవి టైపు చేయమంటే, ఆయన అక్కడే ఆగిపోవాలి. మాటలు లేని వీడియో చూపు లేనివారికి, కింద అక్షరాలు లేని వీడియో వినికిడి లేనివారికి పనికిరావు.

తెలుగు రాసినవారు కూడా ఒక పొరపాటు చేస్తుంటారు. అచ్చుపనికి వాడే పాత ఫాంట్లలో టైపు చేసి పెడతారు. కంటికి అది తెలుగే. కంప్యూటరు లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు తొడుగు తొడిగారు, అంతే. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థం లేని శబ్దాలుగా చదువుతుంది. వెదికితే దొరకదు, వేరే ఫోనులో తెరిస్తే గజిబిజిగా కనిపిస్తుంది. దీనికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు ఉంది. తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకా పాత పద్ధతినే పట్టుకుని వేలాడటం శోచనీయం.

ఈ జాగ్రత్తలన్నీ ఎవరో కొత్తగా కనిపెట్టవలసినవి కావు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999లోనే మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 అక్టోబరులో 2.2వ కూర్పు విడుదల చేసింది. మామూలు అక్షరం రంగుకూ వెనుక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5కు 1 ఉండాలని, అక్షరాన్ని రెట్టింపు చేసినా పేజీ చెదరకూడదని అవి చెబుతున్నాయి. భారత ప్రభుత్వం కూడా సర్కారు వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకాలు రాసి, 2023లో మూడో కూర్పు తెచ్చింది.

చట్టమూ స్పష్టంగానే ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ సొమ్ము పొందే బడి కాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి కాని వికలాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. సమాచారం అందరికీ అందుబాటు రూపంలో ఉండాలి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2011 లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో 50 లక్షలమందికి చూపు లోపం. వీరిలో తల్లులున్నారు, తండ్రులున్నారు, బడికి రావలసిన పిల్లలున్నారు.

అమెరికాలో సర్కారు బడులతో సహా స్థానిక సంస్థల వెబ్‌సైట్లన్నీ ఈ ప్రమాణాలు పాటించాలని అక్కడి న్యాయశాఖ 2024 ఏప్రిల్‌లో నిబంధన చేసింది. విదేశీ కంపెనీల వెబ్‌సైట్లను ఇలాంటి నిబంధనలకు సరిపోయేలా తీర్చే పని చేస్తున్నవారు మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లోనే ఉన్నారు. సాయంత్రం వారు ఇల్లు చేరేది నిజాంపేటకు. వారి వీధిలోని బడి వెబ్‌సైటు మాత్రం అలాగే ఉంది. దీపం కింద చీకటి అంటే ఇదే.

మంచి పేజీ ఎలా ఉంటుంది

మంచి పేజీ తయారుచేయడం బ్రహ్మవిద్య కాదు. ఉదాహరణకు ఇంగ్లీషులో "సమగ్ర వికాసానికి అనువైన సరసమైన రుసుము విధానం" అనే అర్థం వచ్చే వాక్యం రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "1వ తరగతి ఫీజు ఏడాదికి ఇంత. జూన్, అక్టోబరు, జనవరిలో మూడు విడతలుగా కట్టాలి. బస్సు ఫీజు వేరు, నెలకు ఇంత. ఇంతకు మించి ఏమీ లేదు" అని రాస్తే చదువు అంతంతమాత్రం వచ్చినవారికీ తెలుస్తుంది. చదవలేనివారికి ఫోను చదివి వినిపిస్తుంది.

తేదీని అంకెలతోపాటు వారం పేరుతో రాయాలి. ఫోను నంబరు నొక్కితే నేరుగా కాల్ వెళ్లాలి. ఆ ఫోను ఎత్తే మనిషి ఏ వేళల్లో ఉంటారో చెప్పాలి. చిరునామా పూర్తిగా ఉండాలి. మెదక్ జిల్లాలోనూ ఒక నిజాంపేట మండలం ఉంది. ఉత్త నిజాంపేట అని రాస్తే పల్లె నుంచి బయలుదేరినవారు ఎటు పోవాలి? జిల్లా పేరు, ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఎంత దూరం అన్నది రాస్తేనే అది చిరునామా.

పేజీ తేలికగా ఉండాలి. తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి కంప్యూటరులో 3 బైట్లు పడుతుంది. 2,000 సంకేతాలున్న పేజీ 6 కిలోబైట్లు. ఫోనుతో తీసిన 3 మెగాబైట్ల పోస్టరు బొమ్మ అలాంటి 500 పేజీల బరువు. సిగ్నలు సరిగా లేని పల్లెలో, రోజువారీ డేటా అయిపోవచ్చిన ఫోనులో ఆ బొమ్మ తెరుచుకునే లోపు దీపాలు పెట్టే వేళ అవుతుంది. అక్షరాలైతే కన్ను మూసి తెరిచేలోగా వస్తాయి.

పిల్లల ఫొటోలు, పేర్లు, మార్కులు ఇష్టం వచ్చినట్టు పెట్టడం కూడా తగదు. 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అవి పూర్తిగా అమలులోకి వచ్చేదాకా ఆగనవసరం లేదు. బడి గురించి అన్నీ చెప్పాలి, పిల్లల గురించి ఏమీ చెప్పకూడదు. నేడు చాలాచోట్ల జరుగుతున్నది దీనికి తలకిందులు.

సర్కారు బడికి అక్కరలేదా

గదులకు, మరుగుదొడ్లకు, స్వీపర్ల జీతాలకే తడుముకునే సర్కారు బడికి వెబ్‌సైటు ఎందుకని కొందరు అడుగుతారు. వారి బాధలో న్యాయం ఉంది. కాని సర్కారు బడి తన గురించి చెప్పుకోకపోవడం వల్లనే సగం నష్టపోతోంది. పక్కనే పెద్ద హోర్డింగు పెట్టిన బడి కనిపిస్తుంది. ఫీజు లేకుండా, పుస్తకాలు, యూనిఫారం, మధ్యాహ్న భోజనం ఇచ్చే బడి కనిపించదు. బీఈడీ, టెట్ అర్హత ఉన్న ఉపాధ్యాయులు అక్కడ ఉన్నారన్న సంగతి వాచ్‌మన్ కుటుంబానికి ఎవరు చెబుతారు?

సమాచారం లేక కాదు. దేశంలో ప్రతి బడికీ యూడైస్ అనే 11 అంకెల నంబరు ఉంది. ప్రధానోపాధ్యాయులు ఏటా విద్యార్థుల సంఖ్య, పంతుళ్లు, గదులు, నీళ్లు, ర్యాంపు వివరాలన్నీ అందులో నింపుతూనే ఉన్నారు. పై అధికారుల కోసం నింపిన ఆ లెక్కలు ఊరివారికి అర్థమయ్యే తెలుగులో ఒక పేజీగా మారడం లేదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడగకముందే వివరాలు ప్రకటించాలని, అందులో స్థానిక భాషను లెక్కలోకి తీసుకోవాలని చెబుతోంది. కాబట్టి ఇది అదనపు భారం కాదు, ఎప్పుడో చేయవలసి ఉండి చేయని పని. ఒక్కో బడికి ఒక్కో వెబ్‌సైటు కూడా అక్కరలేదు. జిల్లా విద్యాశాఖ ఒకే చోట బడికి ఒక పేజీ చొప్పున పెడితే చాలు.

వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి కదా అనేవారూ ఉన్నారు. గ్రూపు ఇప్పటికే చేరినవారికి. చేరాలనుకునేవారికి కాదు. పైగా పొద్దున వచ్చిన కబురు సాయంత్రానికి శుభోదయాల కింద పడిపోతుంది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్‌లో పాఠాలు మొదలైనప్పుడు, ఏ తరగతికి ఏ వేళ అన్నది చేతులు మారుతూ వచ్చిన ఫొటోల మీదనే చాలా ఇళ్లు ఆధారపడ్డాయి. గురుకులాల్లో 5వ తరగతి ప్రవేశానికి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. తేదీ తెలియక ఏడాది పోగొట్టుకునే పిల్లలు పేదవారే. కబురు ఒక చోట స్థిరంగా ఉండాలి, ఎప్పుడు రాశారో దాని మీద తేదీ ఉండాలి.

ఖర్చు ఎక్కువని చెప్పేవారి మాట నిలబడదు. వెబ్‌సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా ఉన్నాయి. బొమ్మల బదులు అక్షరాలు పెడితే ఖర్చు తగ్గుతుంది కాని పెరగదు. కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ ఉంది. బాచుపల్లి చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. ఏటా విద్యార్థులు ప్రాజెక్టులు చేసి అలమారలో పెడుతున్నారు. ఒక్కో బృందం ఒక్కో సర్కారు బడి పేజీని తీసుకుంటే వారికి చదువు, ఊరికి మేలు.

పరీక్ష పెట్టవలసింది తల్లులు

వెబ్‌సైటు బాగుందో లేదో చెప్పవలసింది తయారుచేసిన కంపెనీ కాదు, బడి యజమాని కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం ఆడవారు ఉండాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల బాధ్యతతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసింది. ఆ తల్లుల చేతికి మామూలు ఫోను ఇచ్చి, పక్కన ఎవరూ సాయం చెప్పకుండా, ఫీజు ఎంత, చివరి తేదీ ఏది, ఎవరికి ఫోను చేయాలి అన్న మూడు సంగతులు వెదకమనాలి. మూడుసార్లు నొక్కేలోగా దొరికితే పేజీ పాసైనట్టు. తరువాత అదే ఫోనును స్క్రీన్ రీడర్‌తో వాడే చూపు లేని వ్యక్తికి ఇచ్చి అదే పరీక్ష పెట్టాలి. ఎవరు ఎక్కడ ఆగారో అక్కడ తప్పు బడిది, ఆగినవారిది కాదు.

ప్రవేశాల హడావుడి చలికాలంలోనే మొదలవుతుంది. అంతకు ముందే జిల్లా విద్యాశాఖాధికారి ఒక పేజీ నమూనా తయారుచేసి, ప్రైవేటు, సర్కారు తేడా లేకుండా ప్రతి బడికీ పంపాలి. గుర్తింపు, ఫీజు, తేదీలు, పంతుళ్లు, బస్సు, వికలాంగ పిల్లలకు ఏర్పాట్లు, ఫిర్యాదుకు ఫోను నంబరు అన్న ఏడూ అందులో తెలుగులో, యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి. అదే పేజీని అచ్చు తీసి బడి గోడ మీద, వార్డు కార్యాలయంలో, పల్లెల్లో పంచాయతీ బోర్డు మీద అంటించాలి. ఫోను లేని ఇల్లు కూడా మిగిలిపోకూడదు. మండల విద్యాధికారులు గుర్తింపు పునరుద్ధరణకు వచ్చే బడుల గదులను కొలిచినట్టే ఈ పేజీని కూడా తెరిచి చూడాలి.

ప్రైవేటు బడుల యాజమాన్యాలు కూడా ఆలోచించాలి. దాచిపెట్టిన ఫీజు ఒక ఏడాది లాభం తెచ్చిపెట్టవచ్చు. నమ్మకం పోతే మరుసటి ఏడాది ఆ పల్లె నుంచి ఇంకో పిల్లవాడు రాడు. బడి పట్ల గౌరవం గేటు ఎత్తును బట్టి రాదు. రెక్కల కష్టం మీద బతికే తల్లి అడిగిన ప్రశ్నకు, ఆమెకు తెలిసిన భాషలో, దాపరికం లేకుండా జవాబు చెప్పే బడినే పది ఊళ్లు తలుచుకుంటాయి. ఆ జవాబు చెప్పించే బాధ్యత జిల్లా విద్యాశాఖది. వచ్చే ప్రవేశాల నాటికి ఆ పని కాకపోతే, దాని ఫలితం అనుభవించేది మళ్లీ పేద తల్లిదండ్రులే.